మార్కెటింగ్ ఉద్యోగం, సొంత పుస్తకం: రెండూ పొసగుతాయా?

అచ్చుతప్పు

అందరికీ నమస్కారం. ఇళ్లలో వాడే సబ్బులు, శుభ్రం చేసే ద్రావణాలు తయారుచేసే ఒక సంస్థలో మార్కెటింగ్ విభాగానికి అధిపతిని. కింది మెట్టు నుంచి వచ్చినవాణ్ణి. దుకాణాల్లో అరలు సర్దించడం, డీలర్ల అలకలు తీర్చడం, ప్రకటనల ఏజెన్సీలతో అర్ధరాత్రి దాకా వాదించడం, అన్నీ చేశాను. కొత్త సరుకులు మార్కెట్లోకి వచ్చి ఎందుకు చతికిలబడతాయన్న విషయం మీద ఒక పుస్తకం రాశాను. రాతప్రతి పూర్తయింది, ఒక ప్రచురణ సంస్థ ఆసక్తి చూపింది. ఇంకో పక్క ఒక నవల సగంలో ఉంది. దాని సంగతి ఇంట్లో వాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు.

పుస్తకం సంగతి చెప్పగానే మా సీఈవో తెగ సంతోషించారు. "సంస్థకు మంచి పేరు వస్తుంది" అన్నారు. ఆ వెంటనే కార్పొరేట్ వ్యవహారాల విభాగం నుంచి "అచ్చుకు ముందు మేం చూడాలి" అని కబురు. తోటి విభాగాధిపతి ఒకరు నవ్వుతూనే "అంత తీరిక ఎలా దొరికిందండీ?" అని అడిగారు. ఆ నవ్వు వెనక ఉన్నది తెలియనంత అమాయకుణ్ణి కాను.

ఈ దారిలో నడిచినవాళ్లను అడగదలచుకున్నవి కొన్ని ఉన్నాయి. పుస్తకం వల్ల మార్కెటింగ్ ఉద్యోగికి నిజంగా మేలు జరుగుతుందా, లేక మనసు పని మీద లేదన్న ముద్ర పడుతుందా? సొంత పేరుతో వేయాలా, కలం పేరుతోనా? రచనే వృత్తిగా చేసుకున్నవాళ్లు ఉద్యోగం ఎప్పుడు వదిలారు?

పాతకాపీ

అచ్చుతప్పు గారూ, ప్రకటనల ఏజెన్సీలో కాపీ, అంటే ప్రకటనల్లోని మాటలు, రాస్తూ రాస్తూ రిటైరైనవాణ్ణి. ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా అందరూ ప్రకటనల రంగంలో పెద్ద పేరున్న డేవిడ్ ఓగిల్వీ పేరెత్తుతారు. ఎత్తవలసిందే. కాకపోతే ఆయన కథను ఎప్పుడూ చివరి నుంచి చెబుతారు: గొప్ప పుస్తకం రాశాడు, గొప్పవాడయ్యాడు అని. వరుస అది కాదు.

ఆయన మొదట స్కాట్లాండ్‌లో ఇంటింటికీ తిరిగి ఆగా కుక్కర్లు (బరువైన ఇనుప పొయ్యిలు) అమ్మాడు. బాగా అమ్ముతున్నాడని చూసి, తోటి అమ్మకందార్ల కోసం ఒక చేతిపుస్తకం రాయమని సంస్థే అడిగింది. అది 1935. తలుపు ఎలా తట్టాలి, ఇల్లాలు ఏ ప్రశ్న వేస్తే ఏం చెప్పాలి, ఎప్పుడు నోరు మూసుకోవాలి, ఇవే అందులో ఉన్నవి. సాహిత్యమన్న భ్రమ ఎక్కడా లేదు. దాన్ని చూపించాకే లండన్‌లో ఏజెన్సీ ఉద్యోగం దొరికింది. తర్వాత అమెరికా వెళ్లి జార్జ్ గాలప్ దగ్గర ప్రజాభిప్రాయ సర్వేలు చేశాడు. 1948లో న్యూయార్క్‌లో సొంత ఏజెన్సీ పెట్టాడు. మనమంతా చెప్పుకునే ఆ ప్రసిద్ధ పుస్తకం, ‘కన్ఫెషన్స్ ఆఫ్ యాన్ అడ్వర్టైజింగ్ మ్యాన్’, 1963లో వచ్చింది. అప్పటికి ఏజెన్సీకి పదిహేనేళ్లు.

అది 4,000 ప్రతులకు మించి అమ్ముడుపోదనుకుని, దాని హక్కులను కొడుక్కి 21వ పుట్టినరోజు కానుకగా రాసిచ్చేశాడు. పది లక్షలు దాటింది. అమ్మకాల అంచనాలు వేయడమే వృత్తిగా బతికినవాడి అంచనా అది! మీ ప్రచురణకర్త మీకు ఎన్ని ప్రతులు పోతాయో చెబితే ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. ఎక్కువ చెప్పినా, తక్కువ చెప్పినా.

నా ఉద్దేశంలో ఆ 1935 నాటి చిన్న పుస్తకమే అసలైనది. పని చేసేవాడు పని చేసేవాళ్ల కోసం రాసుకున్నది. మీ రాతప్రతి అలాంటిదైతే తీరిక గురించి అడిగేవాళ్లను అడగనివ్వండి.

మొండిఘటం

ఒక మాట అంటాను, కోపగించుకోకండి. మార్కెటింగ్ పెద్దల పుస్తకాలు నేను చాలానే కొని చదివాను. ఎక్కువ శాతం మూడు వందల పేజీల విజిటింగ్ కార్డులు. రాసేది ఎవరో జీతానికి కుదిరిన మనిషి, ముందుమాట రాసేది స్నేహితుడు, మొదటి వారం ప్రతులు కొనేది సొంత సంస్థ. టోకున కొన్న ప్రతులు ఉన్నాయని అనుమానం వస్తే న్యూయార్క్ టైమ్స్ జాబితాలో ఆ పుస్తకం పక్కన చిన్న కత్తి గుర్తు వేస్తారు. అలాంటి గుర్తు ఒకటి అవసరపడిందంటేనే పరిస్థితి ఏమిటో ఊహించుకోవచ్చు. కంచు మోగినంత గట్టిగా కనకం మోగదంటారు. మీరు మోగించడం వృత్తిగా ఉన్నవారు. మీ పుస్తకాన్ని నేనెందుకు నమ్మాలి?

ఎర్రసిరా

మొండిఘటం గారి ప్రశ్న మొరటుగా ఉన్నా న్యాయమైనది. నేను ప్రచురణ సంస్థలో ఎడిటర్‌ని. వ్యాపార పుస్తకాలే నా బల్ల మీదికి వస్తాయి. పేరు లేకుండా రాసిపెట్టేవాళ్లు ఉన్న మాట నిజమే. అందులో నాకు పెద్ద పాపమేమీ కనిపించదు, చెప్పేవాడి దగ్గర సరుకుంటే. సరుకు లేనప్పుడు ఎవరు రాసినా ఒకటే.

అచ్చుతప్పు గారూ, మీకు అభ్యంతరం లేకపోతే రాతప్రతిలోంచి ఒక పేరా ఇక్కడ పెట్టండి. మీకు బాగా నచ్చినది వద్దు. ఏదైనా ఒక సరుకు ఎందుకు పోయిందో చెప్పే చోటు నుంచి తీయండి. పేర్లు తీసేయండి.

అచ్చుతప్పు

ఇదిగో, నాలుగో అధ్యాయం నుంచి:

"చేతులు కడుక్కునే ద్రావణాన్ని రీఫిల్ పౌచ్ రూపంలో ప్రవేశపెట్టినప్పుడు వినియోగదారుల స్పందన ఆశించిన స్థాయిలో లేదు. లోతైన పరిశోధన ద్వారా వినియోగ సందర్భంలోని కీలకమైన అవరోధాలను గుర్తించి, వినియోగదారు కేంద్రిత దృక్పథంతో మొత్తం వ్యూహాన్ని పునర్నిర్మించడం జరిగింది."

ఎర్రసిరా

ధన్యవాదాలు. ఇప్పుడు చెప్పండి: ఆ ‘కీలకమైన అవరోధం’ ఏమిటి? అసలేం జరిగింది?

అచ్చుతప్పు

పౌచ్ మూతి సీసా మూతి కన్నా వెడల్పు. అంతే. పోస్తుంటే సగం సింకులో పడేది. సర్వేలో అడిగితే జనం "ధర ఎక్కువ" అని రాశారు. మేం ధర తగ్గించాం, అయినా కదల్లేదు. చివరికి ఇళ్లలోకి వెళ్లి పక్కన నిలబడి చూశాం. ఒకావిడ కత్తెరతో పౌచ్ మూల కొంచెం కోసి, వేలితో నొక్కిపట్టి, ఊపిరి బిగబట్టి పోస్తోంది. అయినా కారింది. మా వైపు చూసి "నాకే సరిగ్గా రాదులెండి" అని నవ్వింది. సగం కారిపోతే మిగిలిన సగానికి పూర్తి ధర ఇచ్చినట్టే కదా. అందుకే వాళ్లకు ధర ఎక్కువ అనిపించింది.

ఎర్రసిరా

ఇదీ మీ పుస్తకం.

ఇప్పుడు మీరు రాసింది, పైన రాతప్రతిలో ఉన్నది పక్కపక్కన పెట్టి చూసుకోండి. అడిగితే అరనిమిషంలో చెప్పారు. పుస్తకంలోకి వచ్చేసరికి బోర్డు మీటింగుకు పెట్టే నివేదికలా తయారైంది. మీ వృత్తిలో ఉన్నవాళ్లందరిలోనూ నేను చూసే తీరు ఇదే. ముప్పై సెకన్ల ప్రకటనలో ఒక్క మాట ఎక్కువైతే కొట్టేసే మనిషి, సొంత పుస్తకం దగ్గర మాత్రం జరిగింది దాచి, జరగడం జరిగిందని రాస్తాడు. ‘పునర్నిర్మించడం జరిగింది’ అనే వాక్యంలో చేసినవాడు ఎవరు? ఎవరూ లేరు. ఆఫీసులో అది కవచం, పుస్తకంలో అది గోడ.

"నాకే సరిగ్గా రాదులెండి" అన్న మాట మీద మీరు ఒక అధ్యాయం మొత్తం నడపవచ్చు. తప్పు వస్తువుది, ఆవిడ తన మీద వేసుకుంది. అలాంటివాళ్లు ఫిర్యాదు చేయరు, ఊరికే మళ్లీ కొనరు. సర్వేలో ఆ గడికి పేరే ఉండదు.

మొండిఘటం

సరే, ఈ పౌచ్ కథ ఉన్న పుస్తకమైతే కొంటాను. విజిటింగ్ కార్డు మాట వెనక్కి తీసుకోను, అది మిగతావాళ్లకు.

పాతకాపీ

పౌచ్ సంగతి చదవగానే నాకు పాతతరం అమెరికన్ కాపీ రైటర్ క్లాడ్ హాప్కిన్స్ గుర్తుకొచ్చాడు. 1923లో ప్రకటనల శాస్త్రం మీద ఒక చిన్న పుస్తకం, 1927లో ఆత్మకథ రాశాడు. ఓగిల్వీ అయితే ఆ మొదటి పుస్తకాన్ని ఏడుసార్లు చదవనివాణ్ణి ప్రకటనల దరిదాపులకు రానివ్వకూడదనేవాడు.

హాప్కిన్స్‌కు ష్లిట్జ్ బీరు ప్రకటనల పని వచ్చింది. అప్పట్లో బీరు కంపెనీలన్నీ ‘స్వచ్ఛమైనది’ అని పెద్ద అక్షరాల్లో వేసుకునేవి, ఎవరికీ పట్టేది కాదు. ఈయన ఫ్యాక్టరీలోకి వెళ్లి చూశాడు. అద్దాల గదుల్లో వడపోసిన గాలి, సీసాలను యంత్రాలతో నాలుగుసార్లు కడగడం, లోతైన బావుల నీళ్లు. "ఇవన్నీ ఎందుకు చెప్పరు?" అని అడిగితే, "అందరూ చేసేదే కదా" అన్నారు వాళ్లు. అందరూ చేసేదే, ఒక్కరూ చెప్పనిది. ఆయన చెప్పాడు. మార్కెట్లో ఐదో స్థానంలో ఉన్న ష్లిట్జ్ కొద్ది నెలల్లోనే మొదటి స్థానానికి పోటీకి వచ్చిందని ఆయన రాసుకున్నాడు.

మార్కెటింగ్ మనిషి రాసే పుస్తకంలోనూ దొరకవలసింది ఇదేనని నా పట్టుదల. లోపలివాళ్లకు మరీ మామూలైపోయి చెప్పడం మానేసినవి. వ్యూహాల బొమ్మలు, నాలుగు గడుల పట్టికలు ప్రొఫెసర్లకు వదిలేయండి, వాళ్లు మనకన్నా బాగా గీస్తారు.

షరతులు_వర్తిస్తాయి

అందరూ ఉత్సాహంగా ఉన్నారు కాబట్టి చన్నీళ్లు చల్లే పని నాది. ఉద్యోగ ఒప్పందాలు, మేధోహక్కుల వ్యవహారాలు చూస్తుంటాను.

మొదటిది, రాతప్రతి ఎవరిది? ఉద్యోగంలో భాగంగా చేసిన రచన మీద మొదటి హక్కు యజమానిదేనని చాలా దేశాల చట్టాలు చెబుతాయి. భారతదేశ కాపీరైట్ చట్టం, 1957లోని 17వ సెక్షన్, అమెరికా 1976 చట్టంలోని నిబంధన, రెండూ ఆ దిశలోనే ఉన్నాయి. మీ పుస్తకం మీ ఉద్యోగ విధుల్లో భాగం కాదు కాబట్టి అది మీదే అయ్యే అవకాశం ఎక్కువ. కానీ రాతప్రతి ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఉంటే, ఆఫీసు వేళల్లో మీ సహాయకులతో పట్టికలు తయారు చేయించి ఉంటే, రేపు గొడవ వచ్చినప్పుడు అవతలివాళ్లకు మీరే ఆధారాలు చేతికిచ్చినట్టు. ఈ రాత్రే సొంత కంప్యూటర్‌లోకి మార్చుకోండి. మార్చేది మీ రచన మాత్రమే, ఆఫీసు ఫైళ్లు కాదు.

రెండోది, రహస్యాల నిబంధన. సంస్థ వదిలాక కూడా ఇది వెంటాడుతుంది. పౌచ్ కథ విషయంలో విడదీసి చూడాలి. పౌచ్ మూతి, సీసా మూతి కొలతలు దుకాణంలో కొన్న ఎవరైనా స్కేలు పెట్టి కొలవగలరు. అందులో రహస్యం లేదు. మీరు సర్వే చేయించారన్నది, అందులో ఎంతమంది ఏమన్నారన్నది, ధర తగ్గించాలన్న నిర్ణయం ఎలా జరిగిందన్నది సంస్థ సొత్తు. ఆవిడ ఇంటికి వెళ్లింది పరిశోధనలో భాగంగానే కదా? అయితే ఆవిడతో సంతకం చేయించుకున్న పత్రంలో ఏముందో చూడండి. పేరు, ఇల్లు గుర్తుపట్టేలా ఏమీ ఉండకూడదు.

మూడోది చాలామంది చదవకుండా సంతకం పెట్టేది. ప్రచురణ ఒప్పందంలో రచయిత హామీ ఇచ్చే నిబంధన ఒకటి ఉంటుంది: ఈ రచన ఎవరి హక్కులనూ ఉల్లంఘించదు, ఉల్లంఘిస్తే నష్టం నేను భరిస్తాను అని. అంటే మీ సంస్థ దావా వేస్తే ఆ బరువు చివరికి మీ మీదే పడుతుంది. అందుకని కార్పొరేట్ వ్యవహారాల విభాగం చూస్తామనడం మీకు అవమానమనుకోకండి. చూడమనండి, చూశామని లిఖితపూర్వకంగా ఇవ్వమనండి.

కలం పేరు అడిగారు. ఈ చిక్కుల్లో ఏదీ కలం పేరుతో పోదు. ఒప్పందం, రాయల్టీ, పన్ను అన్నీ అసలు పేరు మీదే నడుస్తాయి.

అచ్చుతప్పు

ల్యాప్‌టాప్ మాట చదివి లేచి వెళ్లి చూసుకున్నాను. రాతప్రతి మొత్తం ఇంటి కంప్యూటర్‌లోనే ఉంది. పట్టికలు రెండు మాత్రం ఆఫీసు నివేదికల నుంచి తీసుకున్నవి, అవి తీసేస్తున్నాను. ఎర్రసిరా గారి మాట తర్వాత వాటి అవసరమూ కనిపించడం లేదు.

డబ్బు సంగతి ఎవరూ ఎత్తలేదు. నేనే ఎత్తుతాను.

పద్దులపుస్తకం

ఎత్తారుగా, వినండి. సంప్రదాయ ప్రచురణలో రాయల్టీ సాధారణంగా గట్టి అట్ట పుస్తకానికి ముద్రిత ధర మీద 10 నుంచి 15 శాతం, పేపర్‌బ్యాక్‌కు 7.5 శాతం అటూ ఇటూ. అడ్వాన్స్ ఇస్తే అది తీరేదాకా రాయల్టీ చేతికి రాదు. చాలా పుస్తకాలకు ఎప్పటికీ తీరదు. సొంతంగా ఈబుక్ వేసుకుంటే అమెజాన్ కిండిల్‌లో ధరను బట్టి 35 లేదా 70 శాతం వస్తుంది. శాతం పెద్దదే, కానీ ఎడిటర్, అట్ట, ప్రచారం ఖర్చులన్నీ మీ జేబులోంచే.

మార్కెటింగ్ విభాగాధిపతి జీతంతో పోల్చి చూస్తే ఇది చిల్లర. వ్యాపార పుస్తకాలు రాసేవాళ్లకు డబ్బు వేరే దారిలో వస్తుంది: ఉపన్యాసాలు, సలహా ఒప్పందాలు, ఇంకో సంస్థలో పెద్ద పదవి. మార్కెటింగ్ రచయితగా పేరున్న సెత్ గోడిన్ తన సంస్థను 1998లో యాహూకి అమ్మి, అక్కడే డైరెక్ట్ మార్కెటింగ్ ఉపాధ్యక్షుడయ్యాడు. 1999లో అనుమతి తీసుకుని చేసే మార్కెటింగ్ గురించి పుస్తకం రాశాడు. మరుసటి ఏడాది ఇంకో పుస్తకాన్ని ఇంటర్నెట్‌లో ఉచితంగా ఇచ్చేశాడు. చదివినవాళ్లే గట్టి అట్ట ప్రతినీ కొన్నారు. ఆ తర్వాత ఆయనకు ఎవరి దగ్గరా ఉద్యోగం అవసరం లేకపోయింది.

అయితే ఒక మాట. మార్కెటింగ్‌వాళ్లు పుస్తకాన్ని కూడా సబ్బులాగే ప్రవేశపెట్టవచ్చనుకుంటారు. సబ్బు అరిగిపోతే మళ్లీ కొంటారు. పుస్తకం ఒక మనిషి ఒకసారే కొంటాడు. మీ లెక్కలన్నిటికీ ఆధారమైన పునఃకొనుగోలు ఇక్కడ సున్నా. ఉన్నదల్లా ఒకరు ఇంకొకరికి చెప్పడం, లేదా అదే రచయిత రెండో పుస్తకం కొనడం.

రాత్రిపూట_రచన

ఇంతసేపూ నవల గురించి ఒక్కరూ మాట్లాడలేదు! నేనూ మార్కెటింగ్‌లోనే పనిచేస్తూ రాత్రిళ్లు కథలు రాసుకునేదాన్ని, కాబట్టి ఆ సగం నవల వైపు వకాల్తా నాది.

డొరొతీ సేయర్స్ 1922లో లండన్‌లోని బెన్సన్ ఏజెన్సీలో కాపీ రైటర్‌గా చేరారు. మరుసటి ఏడాది మొదటి డిటెక్టివ్ నవల వచ్చింది. 1933లో ఒక ప్రకటనల ఏజెన్సీలోనే హత్య జరిగినట్టు నవల రాసి, అక్కడి మనుషుల్నీ మెట్లనూ గొడవల్నీ అందులోకి దింపేశారు. జోసెఫ్ హెల్లర్ పత్రికల ప్రచార విభాగాల్లో పనిచేస్తూ 1953లో మొదలుపెట్టిన యుద్ధ నవల 1961లో వెలువడింది. సాల్మన్ రష్దీ మొదటి నవల 1975లో వచ్చి చప్పగా పోయింది. ఆయన ఏజెన్సీలో కాపీ రాస్తూనే రెండోది పూర్తి చేశారు. 1981లో దానికే బుకర్ వచ్చింది.

ఉద్యోగం ఎప్పుడు వదిలారని అడిగారు. థ్రిల్లర్ల రచయిత జేమ్స్ ప్యాటర్సన్ 1971లో జె. వాల్టర్ థాంప్సన్ అనే ప్రకటనల ఏజెన్సీలో జూనియర్ కాపీ రైటర్‌గా చేరాడు. 1976లో మొదటి నవల వచ్చింది, మరుసటి ఏడాది దానికి నేర, మిస్టరీ రచనలకిచ్చే ఎడ్గర్ పురస్కారం కూడా వచ్చింది. అయినా మానలేదు. ఆ సంస్థ ఉత్తర అమెరికా విభాగానికి అధిపతి అయ్యేదాకా ఉన్నాడు. వదిలింది 1996లో. మొదటి నవలకూ రాజీనామాకూ మధ్య ఇరవై ఏళ్లు! అనుజా చౌహాన్ కూడా జె. వాల్టర్ థాంప్సన్‌లో ఉపాధ్యక్షురాలిగా ఉండగానే 2008లో మొదటి నవల ప్రచురించారు, 2010లో వదిలారు. అమీష్ త్రిపాఠీ ఒక జీవిత బీమా సంస్థలో మార్కెటింగ్ జాతీయాధిపతి. 2010లో మొదటి పుస్తకం, 2011లో రాజీనామా.

నాకు ఇందులో సూత్రమేదీ కనిపించడం లేదు, వెతకను కూడా. ఒకటి మాత్రం గమనించాను. వీళ్లలో ఎవరూ పుస్తకం వచ్చిన రోజే రాజీనామా ఇవ్వలేదు.

పాతకాపీ

ప్యాటర్సన్ సంగతిలో మీరు వదిలేసిన ముక్క ఒకటుంది. 1993 నాటి నవలకు టీవీ ప్రకటన వేద్దామంటే ప్రచురణకర్తలు ఒప్పుకోలేదు, నవలలకు టీవీ ప్రకటన ఏమిటని. ఆయనే సొంతంగా తయారుచేసి చూపించాడు. ఆ పుస్తకం బెస్ట్‌సెల్లర్ అయింది.

మొండిఘటం

అదే నాకు పడనిది. అమీష్ కూడా అంతేగా? మొదటి అధ్యాయాన్ని విడిగా అచ్చువేసి పుస్తకాల దుకాణాల్లో ఉచితంగా పంచారు. సినిమాలకు చేసినట్టు ట్రైలర్ వీడియో చేయించారు. ఇలాంటి బలం లేని రచయితల మాటేమిటి? మంచి నవల రాసి ఇంట్లో కూర్చున్నవాడు ఎవరికి చెప్పుకోవాలి?

రాత్రిపూట_రచన

మొదటి అధ్యాయం ఉచితంగా ఇవ్వడాన్ని మీరు మోసంలా చూస్తున్నారు. నేను దాన్ని ధైర్యమంటాను. చదివి నచ్చకపోతే కొనరు కదా! అట్ట మీద పొగడ్తలు వేసి లోపల ఏముందో చూపించకుండా అమ్మడం కన్నా అది నిజాయితీ గల పద్ధతి. ప్రచురణకర్తలు ఒకరి తర్వాత ఒకరు కాదన్న పుస్తకం అది. ఇంకేం చేయాలి మరి?

బలం లేనివాళ్ల మాట మాత్రం ఒప్పుకుంటాను. అది అన్యాయమే. దానికి జవాబు నా దగ్గర లేదు.

ఎర్రసిరా

ఇక్కడ ప్రచురణ పక్షం నుంచి ఒక మాట చెప్పాలి. మార్కెటింగ్ రచయితలు ఆవిష్కరణ వారానికి బ్రహ్మాండమైన ప్రణాళిక తెస్తారు. ముందస్తు ఆర్డర్లన్నీ మొదటి వారం లెక్కలో పడతాయి కాబట్టి దానికి అర్థం ఉంది. ఆ తర్వాత ఆరో నెలకు ఏముందని అడిగితే నోట మాట రాదు. మాకు ఒక్కో కాలంలో చాలా పుస్తకాలుంటాయి, మీ పుస్తకం మీద మా దృష్టి ఉండేది కొన్ని వారాలే. తర్వాత దాన్ని బతికించేది మీరే. చిన్న చిన్న వ్యాసాలు, కళాశాలల్లో మాటలు, అడిగిన పాఠకుడికి జవాబు రాయడం. వీటిలో ఏదీ ప్రకటనల బడ్జెట్‌తో వచ్చేది కాదు.

షరతులు_వర్తిస్తాయి

నవల ఉందని ఇప్పుడే గమనించాను. అయితే ప్రచురణ ఒప్పందంలో ఇంకో నిబంధన చూసుకోండి. ‘రచయిత తదుపరి రచనను ముందుగా మాకే చూపించాలి’ అని ఉంటుంది. వ్యాపార పుస్తకానికి పెట్టిన సంతకం మీ నవలను కూడా కట్టేస్తుంది. ఆ ప్రచురణకర్త నవలలు వేయకపోయినా సరే, వాళ్లు చూసి కాదనేదాకా మీరు ఆగాలి. ‘ఇదే విషయం మీద రాసే తదుపరి పుస్తకం’ అని మార్పించండి. అడిగితే సాధారణంగా ఒప్పుకుంటారు. అడగకపోతే ఎవరూ గుర్తుచేయరు.

ఎర్రసిరా

గుర్తుచేయం. నిజమే.

పద్దులపుస్తకం

మొదట అడిగిన ప్రశ్న ఒకటి మిగిలిపోయింది: మనసు పని మీద లేదన్న ముద్ర. నేను నియామకాల బల్లకు ఇవతలి వైపు కూర్చున్నవాణ్ణి కూడా. అభ్యర్థి పుస్తకం రాశాడంటే రెండు రకాలుగా చూస్తాం. పుస్తకంలో అతని పాత సంస్థ విజయాలన్నీ అతని ఘనతే అన్నట్టుంటే, రేపు మా సంస్థను కూడా ఇలాగే వాడుకుంటాడనుకుంటాం. వేరే వాళ్ల శ్రమ కూడా కనిపిస్తే, పని జరిగిన తీరు అర్థమైతే, ఇంటర్వ్యూలో సగం ప్రశ్నలు అడగనే అడగం.

పోయిన సరుకు గురించి రాయడం ప్రమాదమని భయపడే వాళ్లకు సెర్గియో జైమన్ సంగతి చెబుతాను. 1985లో కోకా కోలా తన పానీయం రుచి మార్చి ‘న్యూ కోక్’ పేరుతో తెస్తే జనం తిరగబడ్డారు, ఆ వ్యవహారంలో ముందు వరసలో ఉన్న మనిషి. ఆ ఎదురుదెబ్బ తర్వాత సంస్థ వదిలి వెళ్లాడు. అదే కోకా కోలా 1993లో పిలిచి మార్కెటింగ్ పగ్గాలు అప్పగించింది. 1998లో బయటికి వచ్చి, 1999లో పుస్తకం రాశాడు. న్యూ కోక్ గురించి ఆయన వాదనలతో నేను ఏకీభవించను, అది వేరే సంగతి. కానీ ఆ మచ్చ ఆయన దారికి అడ్డం రాలేదు.

ఇంకో రకం కూడా ఉంది. పుస్తకం మనిషిని పూర్తిగా వేరే దారికి లాక్కుపోవడం. హెలెన్ గర్లీ బ్రౌన్ పేరున్న కాపీ రైటర్. 1962లో పెళ్లి కాని ఉద్యోగినుల జీవితం మీద రాసిన పుస్తకం సంచలనమైంది. 1965లో కాస్మోపాలిటన్ పత్రికకు సంపాదకురాలయ్యారు, మళ్లీ ప్రకటనల వైపు చూడలేదు. అచ్చుతప్పు గారు తనకు అలాంటిది కావాలో వద్దో ముందే అనుకుంటే మంచిది, ఎందుకంటే వచ్చినప్పుడు ఆలోచించే వ్యవధి ఉండదు.

అచ్చుతప్పు

కొంత ఆలస్యంగా తిరిగి వస్తున్నాను. ఈ మధ్యలో జరిగినవి చెబుతాను.

నాలుగో అధ్యాయం మళ్లీ రాశాను. ఇప్పుడు మొదటి వాక్యం "పౌచ్ మూతి సీసా మూతి కన్నా వెడల్పు". కార్పొరేట్ వ్యవహారాల విభాగానికి పంపాను. సర్వే అంకెలు, ధర తగ్గించిన సంగతి కొట్టేశారు. పౌచ్ కథ ఉంచారు, సంస్థ పేరు లేకుండా. కత్తెరతో కోసినావిడ గురించి పెద్ద చర్చే జరిగింది. చివరికి ఆవిడ అనుమతి మళ్లీ అడిగి తీసుకున్నాం. పుస్తకం వచ్చాక ఒక ప్రతి ఇవ్వమన్నారు. అభ్యంతరం లేదని విభాగం నుంచి సంతకంతో లేఖ వచ్చింది.

ధర సంగతి పోవడం వల్ల అధ్యాయం కుంటుతుందని భయపడ్డాను. దాని బదులు, రీఫిల్ పౌచ్‌లు అమ్మే వేరే వేరే సంస్థల సరుకులు దుకాణంలో కొని, వరసగా పెట్టి, ఒక్కోటి సీసాలోకి పోసి చూశాను. స్కేలుతో మూతులు కొలిచాను. చిన్న మూతి, వంగిన మూతి, తిప్పే మూత, చింపే మూల. ఆ పేజీలు మొత్తం పుస్తకంలోకెల్లా బాగా వచ్చాయని మా ఆవిడ అంది. వంటింటి గట్టు తుడవవలసి వచ్చింది కూడా ఆమెకే అనుకోండి.

తీరిక గురించి అడిగిన సహోద్యోగి రాతప్రతి అడిగి తీసుకెళ్లారు. ఇంకా తిరిగి ఇవ్వలేదు.

పాతకాపీ

ఆ కొలతల పేజీలు మీవే. ఏ సంస్థా కొట్టేయలేదు. తర్వాతి అధ్యాయాలకు కూడా అదే పని చేయండి, వీలైనన్ని చోట్ల.

ఎర్రసిరా

ఒక చిన్న విషయం ఇప్పుడే తేల్చుకోండి. వెనక అట్ట మీద మీ పరిచయం. చాలామంది హోదా, సంస్థ పేరు వేయించుకుంటారు. పుస్తకం అచ్చులో ఉండగానే ఉద్యోగం మారితే రెండో ముద్రణ దాకా పాత హోదాతోనే తిరుగుతారు. పైగా సంస్థ పేరు వేస్తే మీ అభిప్రాయాలన్నీ వాళ్లవే అన్నట్టవుతుంది.

షరతులు_వర్తిస్తాయి

సంస్థ పేరు వేయాలంటే దానికి వేరే అనుమతి కావాలి. మీకొచ్చిన లేఖ లోపలి విషయానికే పరిమితమైతే అట్టకు వర్తించదు. ఒకసారి చూసుకోండి.

అచ్చుతప్పు

చూశాను, వర్తించదు. ‘గృహోపయోగ సరుకుల మార్కెటింగ్‌లో పనిచేస్తున్నారు’ అని మాత్రమే వేయమని చెప్పాను. సొంత పేరుతోనే వస్తోంది. తదుపరి రచన నిబంధన కూడా మార్పించాను. వాళ్లు మారుమాట లేకుండా ఒప్పుకున్నారు.

రాత్రిపూట_రచన

అంటే నవల విడుదలైనట్టే. ఎక్కడిదాకా వచ్చింది?

అచ్చుతప్పు

పన్నెండో అధ్యాయంలో కథానాయిక ఉద్యోగం వదిలేస్తానంటోంది. వదలనివ్వాలా వద్దా అని ఆలోచిస్తున్నాను.